ఓడిన సేనాని టపా సంచి

1865 ఆగస్టు 4న అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని లెక్సింగ్టన్ అనే చిన్న ఊళ్లో వాషింగ్టన్ కాలేజీ పాలకమండలి సమావేశమైంది. కాలేజీ చూస్తే చితికిపోయి ఉంది. మిగిలింది నలుగురు ప్రొఫెసర్లు, కొద్దిమంది విద్యార్థులు. కిందటేడు జూన్‌లో ఉత్తరాది జనరల్ డేవిడ్ హంటర్ సైన్యం ఊరిమీద పడినప్పుడు పుస్తకాలు, ప్రయోగశాల సామాన్లు పాడైపోయాయి. ఖజానాలో డబ్బు లేదు. అలాంటి కాలేజీకి కొత్త అధ్యక్షుడిగా ఎవరిని పిలవాలన్న చర్చ వచ్చినప్పుడు, అడిగి చూస్తే పోయేదేముంది అన్నట్టుగా, రాబర్ట్ ఇ. లీ పేరు మీద తీర్మానం చేసేశారు.

లీ అంటే నాలుగు నెలల క్రితం దాకా దక్షిణాది తిరుగుబాటు సైన్యాలకు నాయకుడు. ఏప్రిల్ 9న ఆపొమాటక్స్ కోర్ట్‌హౌస్ అనే పల్లెలో ఉత్తరాది జనరల్ గ్రాంట్‌కు లొంగిపోయినవాడు. జూన్‌లో అతని మీద రాజద్రోహం కింద అభియోగం కూడా మోపారు. చరాస్తిలో చాలాభాగం పోయింది. భార్య పుట్టింటివైపు నుంచి వచ్చిన ఆర్లింగ్టన్ ఎస్టేటును పన్ను బకాయి కింద ప్రభుత్వం తీసుకుని, దాంట్లో సైనికుల శ్మశానం మొదలుపెట్టింది. అటువంటి మనిషికి ఉద్యోగం ఇస్తామని ఒక కాలేజీ జాబు రాసింది.

ఆ జాబు చేత్తో పట్టుకెళ్లే పని పాలకమండలి పెద్ద జడ్జి జాన్ బ్రాకెన్‌బ్రో మీద పడింది. నలుగురిలోకి వెళ్లేందుకు తగిన బట్టలు ఆయన దగ్గర లేవు. ఒకరి సూటు అడిగి తొడుక్కుని, దారి ఖర్చుకు మరొకరి దగ్గర అప్పు చేసి బయల్దేరాడని చెబుతారు. తీసుకెళ్లిన మాట ఏడాదికి 1,500 డాలర్ల జీతం, ఉండటానికి ఇల్లు, కూరగాయల పెరడు, విద్యార్థుల ఫీజుల్లో కొంత వాటా. ఆ 1,500 డాలర్లు ఎక్కడి నుంచి వస్తాయో మాట ఇచ్చినవాళ్లకే తెలియదు.

లీ ఆలోచించి ఆగస్టు 24న జవాబు రాశాడు. తరగతి గదిలో పాఠాలు చెప్పే ఓపిక తనకు లేదన్నాడు. రాష్ట్రపతి ప్రకటించిన క్షమాభిక్ష తనకు వర్తించదనీ, దేశంలో ఒక వర్గానికి తనంటే కోపమనీ, తను వస్తే ఆ కోపం కాలేజీ మీదకు మళ్లుతుందేమోననీ రాశాడు. ఆ ముప్పు లేదని మీకు తోస్తే వస్తానన్నాడు. వారం తిరక్కుండా పాలకమండలి రమ్మంది. సెప్టెంబరు 18న ట్రావెలర్ అనే తన బూడిదరంగు గుర్రమెక్కి, వెంట ఎవరూ లేకుండా లెక్సింగ్టన్ చేరాడు. అప్పుడతనికి 58 ఏళ్లు.

తర్వాతి ఐదేళ్లు, అంటే చనిపోయేదాకా, లీ దినచర్యలో పెద్ద భాగం ఉత్తరాలదే. ఓడిపోయిన ఒక సమాజం తన మనసులో ఉన్నదంతా కవరులో పెట్టి అతనికి పంపింది. ఆ కవర్లలో ఏమున్నదో చూస్తే లీ గురించి ఎంత తెలుస్తుందో, రాసినవాళ్ల గురించి అంతకంటే ఎక్కువ తెలుస్తుంది. రాయలేకపోయినవాళ్ల గురించి కూడా.

నేపథ్యం రెండు ముక్కల్లో చెప్పాలి. 1860–61లో దక్షిణాది రాష్ట్రాలు పదకొండు అమెరికా నుంచి విడిపోయి సొంత దేశం ప్రకటించుకున్నాయి. వాళ్ల పత్తి, పొగాకు తోటలు నల్లజాతి బానిసల రెక్కల మీద నడిచేవి. ఆ బానిసత్వానికి ఎసరు వస్తుందన్న భయమే విడిపోవడానికి మూలకారణం. నాలుగేళ్ల యుద్ధంలో ఆరు లక్షలమందికి పైగా చనిపోయారు. ఆ పొగ మన దాకా కూడా వచ్చింది. అమెరికా పత్తి ఆగిపోవడంతో లాంకషైర్ మిల్లులు భారతదేశం వైపు తిరిగాయి. ఇక్కడి పత్తి ధర అమాంతం పెరిగి, 1865లో లీ లొంగిపోయేసరికి కుప్పకూలింది. బొంబాయిలో వ్యాపార సంస్థలు దివాలా తీశాయి.

లెక్సింగ్టన్‌కు అప్పటికి రైలు లేదు. గుర్రబ్బండి మీదో, కాలువలో పడవ మీదో రావాలి. ఏ దారి మేలని ఒకరు అడిగితే, ఏ దారిన వచ్చినా రెండోదారిన వచ్చుంటే బాగుండేదనిపిస్తుందని లీ అన్నాడట. టపా కూడా ఆ దారుల్లోనే కుదుపులు తింటూ వచ్చేది.

అందులో అన్నిటికంటే మామూలు ఉత్తరాలు తండ్రులవి, తల్లులవి. మా అబ్బాయిని మీ కాలేజీలో చేర్పిస్తాం, వాడికి ఇంత చదువొచ్చు, ఇంత రాదు, ఫీజులో కొంత ఇప్పుడు, మిగతాది పంట వచ్చాక. ఆ అబ్బాయిల్లో కొందరు అబ్బాయిలే కారు. యుద్ధంలో తుపాకీ పట్టి, చదువు మధ్యలో వదిలేసి వచ్చిన సైనికులు. కాలేజీ పేరు కంటే లీ పేరు చూసి పంపినవాళ్లే ఎక్కువ. రెండు మూడేళ్లలో విద్యార్థుల సంఖ్య 400 దాటిపోయింది. దక్షిణాది రాష్ట్రాలన్నిటి నుంచీ వచ్చారు.

ఇక్కడ లీకి ఒక పాత అనుభవం అక్కరకొచ్చింది. 1852 నుంచి 1855 దాకా అతను వెస్ట్‌పాయింట్ మిలిటరీ అకాడమీకి సూపరింటెండెంట్. పిల్లవాడు చదవడం లేదని తండ్రికి రాయడంలో ఎంత చెప్పాలో, ఎక్కడ ఆపాలో అప్పుడే చేయి తిరిగింది. లెక్సింగ్టన్‌లో నెలనెలా ప్రతి విద్యార్థి ఇంటికీ మార్కులు, గైరుహాజరు లెక్కలతో రిపోర్టు వెళ్లేది. వెనకబడ్డవాళ్ల సంగతి లీ స్వయంగా విడిగా రాసేవాడు. పంపేయవలసి వచ్చిన కుర్రవాడి విషయంలో బహిష్కరణ అనే మాట వాడకుండా, ఇంటికి పిలిపించుకోవడం మంచిదని తండ్రికి సలహాగా రాసేవాడు. ఊరివాళ్ల ముందు పిల్లవాడి పరువు పోకుండా కాలేజీ పని జరిగిపోయేది. యుద్ధంలో లక్షమందిని నడిపినవాడు ఒక కుర్రాడి బీజగణితం గురించి రెండు పేజీలు రాయడం కొందరికి జాలిగా కనిపిస్తుంది. అతను మాత్రం ఆ పనిని చిన్నతనంగా తీసుకున్నట్టు ఎక్కడా కనబడదు. నిజానికి ఆ ఐదేళ్లలో అతను చేసిన అన్నిటికంటే గట్టిపని ఇదే. లాటిన్, గ్రీకు పాఠాల పాత కాలేజీకి ఇంజనీరింగు, ఆధునిక భాషలు చేర్చాడు. బ్రాకెన్‌బ్రో నడిపే న్యాయ పాఠశాలను కలుపుకున్నాడు. పత్రికారంగంలోకి వెళ్లాలనుకునే కుర్రాళ్లకు స్కాలర్‌షిప్పులు ఇద్దామని 1869లో ప్రతిపాదించాడు. కాలేజీలో జర్నలిజం నేర్పడమన్న ఆలోచన అప్పటికి చాలా కొత్తది.

డబ్బు కోసం ఉత్తరాలు వెళ్లాయి, డబ్బుతో ఉత్తరాలు వచ్చాయి. కోత యంత్రంతో కోటీశ్వరుడైన సైరస్ మెకార్మిక్ పుట్టింది లెక్సింగ్టన్ ఉన్న కౌంటీలోనే. షికాగోలో స్థిరపడిన అతను 10,000 డాలర్లు పంపాడు. ఉత్తరాదిలో మాత్రం ఒక తిరుగుబాటు సేనాని కాలేజీకి చందాలేమిటని కొందరు మండిపడ్డారు. 1868లో న్యూయార్క్‌లో ఈ కాలేజీ కోసం సభ పెట్టి, హెన్రీ వార్డ్ బీచర్ అంతటి బానిసత్వ వ్యతిరేకి దయతో చూద్దామని మాట్లాడితే, దాని మీద పెద్ద దుమారం లేచింది. లీ ఆగస్టు జవాబులో భయపడింది సరిగ్గా ఇదే.

రెండో రకం ఉత్తరాలు అతని పేరు కోసం. సంతకం కావాలి, ఫొటో కావాలి, ఒక వెంట్రుకల పాయ కావాలి. కీళ్లవాతంతో చక్రాల కుర్చీలో ఉండే భార్య మేరీ, చర్చి ఖర్చుల కోసం ఫొటోలకు రంగులద్ది అమ్మేది. వాటి మీద లీ సంతకం పెట్టేవాడు. వ్యాపారస్తులకు కావలసింది వేరు. బీమా కంపెనీ ఒకటి పేరు వాడుకోనిస్తే చాలు, పనేమీ చెయ్యక్కర్లేదు, ఇంత ఇస్తామందనీ, పనిలేకుండా జీతమెందుకని లీ తిరగ్గొట్టాడనీ ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. ఆ ఇంత ఎంతన్నది చెప్పేవాణ్ని బట్టి మారుతుంది కాబట్టి దాన్ని కథగానే ఉంచుదాం. వ్యాపార సంస్థలు పిలిచిన మాట, అతను వెళ్లని మాట మాత్రం నిజం.

మూడో రకం సాటి సేనానుల ఉత్తరాలు. టపా సంచిలో అన్నిటికంటే వేడిగా ఉన్నవి ఇవే.

ఓడిపోయిన మరుసటి నెలల్లో చాలామంది పెద్ద అధికారులు దేశం వదిలిపోయారు. మెక్సికోలో ఫ్రెంచివాళ్లు నిలబెట్టిన మాక్సిమిలియన్ చక్రవర్తి కొలువులో చేరి, సముద్ర శాస్త్రవేత్త మాథ్యూ మోరీ దక్షిణాదివాళ్ల కోసం అక్కడ వలస ఊళ్లు కట్టే పనికి పూనుకున్నాడు. లీని కూడా కదిలించాలని చూశాడు. వర్జీనియాలోనే ఉండి దాంతోపాటే కష్టసుఖాలు పడతానని లీ సెప్టెంబరులో జవాబిచ్చాడు. రెండేళ్లకు మాక్సిమిలియన్‌ను మెక్సికన్లు కాల్చేశారు. 1868లో మోరీ తిరిగొచ్చి చేరింది ఎక్కడంటే, లెక్సింగ్టన్‌లోనే, లీ కాలేజీ పక్కనున్న మిలిటరీ ఇన్‌స్టిట్యూట్‌లో ప్రొఫెసర్‌గా. 1873లో ఆ ఊళ్లోనే చనిపోయాడు.

జనరల్ బొరెగార్డ్‌కు వేరే సందేహాలున్నాయి. నిన్నటిదాకా పోరాడిన ప్రభుత్వానికే ఇవాళ విధేయత ప్రమాణం చెయ్యడం ఎలా? లీ అక్టోబరు 3న రాసిన జవాబులో జార్జ్ వాషింగ్టన్ ఉదాహరణ తెచ్చాడు. ఆయన మొదట ఇంగ్లాండు రాజు పక్షాన ఫ్రెంచివాళ్లతో పోరాడాడు, తర్వాత ఫ్రెంచివాళ్లతో కలిసి అదే రాజుతో పోరాడాడు; పరిస్థితి మారితే నడక మారుతుంది, ఉద్దేశం మారనక్కర్లేదు అన్నది లీ వాదన. ఉత్తరం తేదీకి ఒకరోజు ముందు, అక్టోబరు 2న, లీ కాలేజీ అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. అదే రోజు అమెరికా రాజ్యాంగానికి విధేయంగా ఉంటానన్న ప్రమాణపత్రం మీద కూడా సంతకం పెట్టి వాషింగ్టన్ నగరానికి పంపాడు. ఆ కాగితానికి జవాబు రాలేదు. 1970లో జాతీయ పురాలేఖ భవనంలో అది బయటపడింది. 1975లో రాష్ట్రపతి ఫోర్డ్ సంతకంతో లీకి పౌరసత్వం తిరిగొచ్చింది, అతను చనిపోయిన 105 ఏళ్లకు.

సాటివాళ్లకు లీ రాసిన ఉత్తరాల్లో ఒక అభ్యర్థన మళ్లీ మళ్లీ వస్తుంది. యుద్ధచరిత్ర రాద్దామనుకున్నాడతను. న్యూయార్క్ ప్రచురణకర్త ఒకరు వెంటపడుతున్నాడు కూడా. చిక్కేమిటంటే అతని సైనిక పత్రాలు చివరి తిరోగమనంలో కాలిపోయాయి. 1865 జులై 31న తన కిందపనిచేసిన సేనానులకు ఒకే నమూనాలో ఉత్తరాలు పంపి, మీ దగ్గరున్న నివేదికలు, సంఖ్యలు పంపండని కోరాడు. ప్రవాసంలో ఉన్న జుబల్ ఎర్లీని మరీ అడిగి తెప్పించుకోవాలనుకున్నది సైన్యాల సంఖ్యలే. ఎంత పెద్ద సైన్యాన్ని ఎంత చిన్న సైన్యంతో ఎదుర్కొన్నామో లోకానికి తెలియాలన్నది అతని పట్టుదల. ఓడింది ధైర్యం తక్కువై కాదు, మనుషులు తక్కువై అన్న వాదనకు విత్తనం ఆ ప్రశ్నలోనే ఉంది. లీ ఆ పుస్తకం రాయనేలేదు. దాని బదులు తన తండ్రి రాసిన అమెరికా విప్లవయుద్ధ జ్ఞాపకాలకు 1869లో కొత్త కూర్పు తెచ్చాడు. వాదాన్ని ఎర్లీ అందిపుచ్చుకున్నాడు. లీ చనిపోయాక, 1872లో, ఆ కాలేజీలోనే ఉపన్యాసమిచ్చి దక్షిణాదిది న్యాయమైన పోరాటం అన్న కథకు ఊపు తెచ్చాడు. ఆ కథలో బానిసత్వం ఎక్కడో మూలకు జరిగిపోయింది.

విదేశాల నుంచి వచ్చినవి తక్కువే అయినా ఆసక్తికరమైనవి. ఇలియడ్‌ను ఇంగ్లీషులోకి తెచ్చిన కవి ఫిలిప్ వర్స్‌లీ తన పుస్తకం పంపాడు. దాని మొదటి పుటలో లీ మీద సొంత పద్యం రాసి మరీ. క్షయతో మంచాన ఉన్న ఆ కవికి లీ 1866 ఫిబ్రవరిలో కృతజ్ఞతలు రాశాడు; కవి ఆ మే నెలలోనే పోయాడు. అదే ఏడాది నవంబరులో ఇటలీలోని బొలోన్యా నుంచి ఇంగ్లీషు చరిత్రకారుడు ఆక్టన్ రాశాడు. కేంద్రం చేతిలో అధికారం పోగుపడకుండా రాష్ట్రాల హక్కులు అడ్డుకట్ట వేస్తాయనీ, అందుకే దక్షిణాది ఓటమి స్వేచ్ఛకే ఓటమి అనిపించిందనీ అతని బాధ. అధికారం మనిషిని చెడగొడుతుందన్న ప్రసిద్ధమైన మాట రాసింది కూడా ఈ ఆక్టనే, ఇరవై ఏళ్ల తర్వాత, మరో ఉత్తరంలో. డిసెంబరు 15న లీ దీటైన జవాబు ఇచ్చాడు. రాష్ట్రాలన్నీ కరిగి ఒకే పెద్ద కేంద్రమైతే అది బయట దూకుడుగా, లోపల నిరంకుశంగా మారుతుందన్నాడు. ఇద్దరూ చదువుకున్నవాళ్లు, మాటలు తూచి రాసేవాళ్లు. స్వేచ్ఛ గురించి అంత ముచ్చటించుకున్న ఆ ఇద్దరిలో ఎవరికీ, అప్పుడే సంకెళ్లు తెగిన నలభై లక్షల మంది స్వేచ్ఛ ఆ చర్చకు కేంద్రంగా తోచలేదు. ఈ టపాలో ఎక్కడ చేయిపెట్టినా తగిలే ముల్లు ఇదే.

రాజకీయ ఉత్తరాలకు లీ సాధారణంగా దొరికేవాడు కాదు. 1867లో వర్జీనియా గవర్నర్ పదవికి పోటీ చెయ్యమని కోరితే, తన పేరు రాష్ట్రానికి చేటు తెస్తుందని తప్పుకున్నాడు. అదే ఏడాది పాత సహచరుడు లాంగ్‌స్ట్రీట్, ఉత్తరాది పార్టీతో సర్దుకుపోదామన్న తన ప్రకటనకు మద్దతు అడిగితే, అక్టోబరులో మర్యాదగా కాదన్నాడు. బహిరంగంగా ఏమీ అనకపోవడం అతని పద్ధతి. జనం దాన్ని నిగ్రహమన్నారు, హుందాతనమన్నారు.

ఆ నిగ్రహం ఒకసారి సడలింది. 1868 ఆగస్టులో లీ వైట్ సల్ఫర్ స్ప్రింగ్స్ అనే గంధకపు నీటి బుగ్గల విడిదిలో ఉన్నాడు. రాష్ట్రపతి ఎన్నికల కాలం. యుద్ధంలో ఉత్తరాది వైపు పోరాడి, ఇప్పుడు డెమోక్రాట్ల కోసం తిరుగుతున్న జనరల్ రోజ్‌క్రాన్స్ అక్కడికొచ్చి, దక్షిణాది మనసులో ఏముందో చెప్పమని ఉత్తరం ఇచ్చాడు. జవాబు ముసాయిదాను అలెగ్జాండర్ స్టూవర్ట్ తయారుచేశాడు. లీతో సహా దక్షిణాది ప్రముఖులు ముప్పైమంది దాకా సంతకాలు పెట్టారు. బానిసత్వం, విడిపోవడం అన్న రెండు ప్రశ్నలూ యుద్ధంతో తీరిపోయాయనీ, నల్లవాళ్ల మీద తమకు ద్వేషం లేదనీ చెబుతూ, రాజకీయాధికారం మాత్రం వాళ్ల చేతిలో పెట్టడానికి ఒప్పుకోమని అందులో రాశారు. రెండేళ్ల ముందు, 1866 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్ సంఘం ముందు సాక్ష్యమిచ్చినప్పుడు కూడా లీ మాట ఇదే. నల్లవాళ్లు ఇప్పుడప్పుడే తెలివిగా ఓటు వెయ్యలేరన్నాడు, వర్జీనియా వాళ్లను వదుల్చుకుంటే మేలన్నాడు. లీని మెచ్చుకునే పుస్తకాలు ఈ రెండిటినీ వేగంగా దాటిపోతాయి.

1866 వసంతంలో వచ్చిన మరో ఉత్తరం చూడాలి. అందులో విషయం వెస్లీ నోరిస్. ఆర్లింగ్టన్ ఎస్టేటులో బానిసగా పుట్టిన మనిషి. యజమాని, అంటే లీ మామగారు, 1857లో చనిపోతూ బానిసల్ని ఐదేళ్లలోగా విడుదల చెయ్యాలన్న వీలునామా వదిలి వెళ్లాడు; అమలు చెయ్యవలసినవాడు లీ. వెంటనే విడుదలవుతామనుకున్న నోరిస్, అతని చెల్లెలు, దాయాది ఒకరు 1859లో పారిపోయి మేరీలాండ్‌లో దొరికిపోయారు. వాళ్లను తిరిగి తెచ్చాక లీ దగ్గరుండి కొరడా దెబ్బలు కొట్టించాడనీ, ఎస్టేటు మేస్త్రీ కొట్టనంటే కానిస్టేబుల్‌ని పిలిపించాడనీ, పుండ్ల మీద ఉప్పునీళ్లు పోయించాడనీ నోరిస్ సాక్ష్యం 1866లో పత్రికల్లో వచ్చింది. దాని సంగతేమిటని ఒకాయన లీకి రాశాడు. నిజం కాదని లీ ఏప్రిల్‌లో జవాబిచ్చాడు. పత్రికల్లో వాదనకు దిగడం ఇష్టంలేక బహిరంగంగా ఖండించలేదన్నాడు. వందేళ్లకు పైగా ఆ ఒక్క వాక్యమే చాలామంది జీవితచరిత్రకారులకు సరిపోయింది. డగ్లస్ సౌతాల్ ఫ్రీమన్ పులిట్జర్ బహుమతి పొందిన నాలుగు సంపుటాల్లో నోరిస్ మాటను కట్టుకథ కింద కొట్టిపారేశాడు. ఎలిజబెత్ బ్రౌన్ ప్రయర్ అనే చరిత్రకారిణి లీ కుటుంబ కాగితాలు తిరగేసి, 2007లో అచ్చయిన పుస్తకంలో వేరే సంగతి చెప్పింది. పారిపోయినవాళ్లను పట్టిచ్చినందుకు కానిస్టేబుల్‌కు లీ డబ్బిచ్చిన లెక్క ఖాతాలో ఉంది. ఆ కానిస్టేబుల్ పేరు, నోరిస్ చెప్పిన పేరు ఒకటే. మిగతా వివరాలు కూడా చాలావరకు సరిపోయాయని ఆమె తేల్చింది.

నోరిస్ లీకి ఉత్తరం రాయలేదు. అతని మాట పత్రిక ద్వారా, మరొకరి కవరులో, ఆరోపణగా లెక్సింగ్టన్ చేరింది. బానిసలకు చదువు చెప్పడం వర్జీనియాలో చట్టరీత్యా అడ్డుకున్న రోజుల్లో పెరిగినవాళ్ల ఉత్తరాలు టపా సంచిలో కనబడకపోవడం వింతేమీ కాదు. ఊళ్లో ఉన్న నల్లవాళ్ల సంగతి లీ బల్ల మీదకు వచ్చేది ఎక్కువగా ప్రభుత్వాధికారుల కాగితాల్లో. విముక్తులైన వాళ్లకోసం పెట్టిన బడి దగ్గర, వాళ్ల సభల దగ్గర కాలేజీ కుర్రాళ్ల గొడవలు మీ దృష్టికి తెస్తున్నామని మిలిటరీ అధికారులు రాసేవారు. లీ విచారించి, దోషులని తేలితే పంపేసేవాడు. అటువైపు వెళ్లొద్దని నోటీసు పెట్టేవాడు. కాలేజీకి చెడ్డపేరు రాకూడదన్నది ఆ నోటీసుల్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ బడి ఎందుకు ఉండాలన్న మాట కనిపించదు.

విగ్రహాల గురించి కూడా లీకి ఉత్తరాలొచ్చాయి. 1866 డిసెంబరులో స్మారకం కట్టే ఆలోచన గురించి మాజీ సేనాని టామస్ రోసర్ రాస్తే, ఇప్పటి స్థితిలో అది దేశానికి మేలు చెయ్యదు, చనిపోయిన సైనికుల సమాధులు చూసుకుంటున్న ఆడవాళ్ల సంఘాలకు సాయపడదామన్నాడు. 1869 ఆగస్టులో గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో ఏ దళం ఎక్కడ నిలబడిందో రాళ్లు పాతడానికి రమ్మని పిలిస్తే, యుద్ధపు పుండ్లు కెలక్కుండా ఉండటమే మంచిదని జవాబిచ్చాడు. ఇవాళ అతని విగ్రహాలు తీసెయ్యాలన్నవాళ్లూ ఈ ఉత్తరాలనే చూపిస్తారు. నిజానికి లీ శిల్పులకు పూర్తిగా ముఖం చాటేసినవాడేం కాదు. 1870లో ఎడ్వర్డ్ వాలంటైన్ అనే రిచ్‌మండ్ శిల్పి ముందు కూర్చున్నాడు. ఆ శిల్పి మలిచిన, పడుకున్న భంగిమలోని పాలరాతి విగ్రహమే 1883 నుంచి కాలేజీ ప్రార్థనామందిరంలో ఉంది.

గుర్రం గురించి కూడా లీ ఒక ఉత్తరం రాశాడు. భార్య తరఫు బంధువు మార్కీ విలియమ్స్ ట్రావెలర్ బొమ్మ గీస్తానంటే, దాని మెడ, ఛాతీ, కాళ్లు, ఓర్పు వర్ణిస్తూ, అది మోసిన యుద్ధాలన్నీ వరసగా చెబుతూ మురిసిపోయాడు. సేనానులకు రాసిన వాటిలో ఎక్కడా ఇంత వెచ్చదనం లేదు.

అతను రాయని ఉత్తరం కూడా ఒకటి ఉంది. కర్తవ్యం అన్నిటికంటే గొప్ప మాట అని కొడుక్కి బోధిస్తూ లీ రాసినట్టు ఒక జాబు 1864లో న్యూయార్క్ పత్రికలో అచ్చయింది. అది కల్పితమని తర్వాత పరిశోధకులు నిరూపించారు. అయినా ఎన్నో దశాబ్దాలు దక్షిణాది బడిపిల్లలు దాన్ని లీ మాటగా నేర్చుకున్నారు. జనానికి కావలసిన లీ ఆ దొంగ ఉత్తరంలో బాగా దొరికాడు మరి.

1870 సెప్టెంబరు 28 ఉదయం లీ బాల్టిమోర్‌లోని స్నేహితుడికి ఆరోగ్యం మెరుగ్గా ఉందని రాశాడు. ఆ సాయంత్రం చర్చి సమావేశం నుంచి ఇంటికొచ్చాక భోజనం బల్ల దగ్గర మాట పడిపోయింది. అక్టోబరు 12న చనిపోయాడు. కాలేజీ పేరులో అతని పేరు చేరి వాషింగ్టన్ అండ్ లీ విశ్వవిద్యాలయం అయింది. అధ్యక్ష పదవి పెద్ద కొడుకు కస్టిస్‌కు వచ్చింది.

ఆ తర్వాత ఉత్తరాలకు రెండో జీవితం మొదలైంది. లెక్సింగ్టన్‌లో లీకి తెలిసిన బాప్టిస్టు ప్రబోధకుడు జె. విలియం జోన్స్ 1874లో లీ ఉత్తరాలు, ముచ్చట్లు కలిపి పుస్తకం తెచ్చాడు. అందులో కనిపించేది దాదాపు సాధువు. 1904లో లీ చిన్న కొడుకు మరో సంపుటి తెచ్చాడు. అది ఇంటి ముచ్చట్లతో కొంచెం మనిషిగా చూపించింది. ఈ రెండూ ఏరి కూర్చినవే. ఏరనివి చాలాకాలం ఇనప్పెట్టెల్లో ఉండిపోయాయి, మాటవరసకు కాదు, నిజంగానే. లీ పెద్ద కూతురు మేరీ దాచుకున్న రెండు ట్రంకు పెట్టెలు అలెగ్జాండ్రియాలోని ఒక బ్యాంకు గదిలో 2002లో కనబడ్డాయి. నిండా కుటుంబం కాగితాలు, ఉత్తరాలు. ప్రయర్ పుస్తకానికి ఆధారమైన వాటిలో అవీ ఉన్నాయి.

లీ పేరు ఉంచాలా తీసెయ్యాలా అన్న ప్రశ్న విశ్వవిద్యాలయం ముందుకు వచ్చినప్పుడు ఈ ఉత్తరాలే రెండు పక్షాలకూ సాక్ష్యమయ్యాయి. ఒకరు తండ్రులకు రాసిన జాబులు, గెటిస్‌బర్గ్ జవాబు చూపించారు. ఇంకొకరు వైట్ సల్ఫర్ ఉత్తరం, నోరిస్ సాక్ష్యం ముందుపెట్టారు. 2020లో అధ్యాపకుల్లో ఎక్కువమంది పేరు తీసెయ్యాలని ఓటు వేశారు. 2021 జూన్‌లో ధర్మకర్తల మండలి 22–6 ఓట్లతో విశ్వవిద్యాలయం పేరు ఉంచి, లీ చాపెల్ పేరును మాత్రం యూనివర్సిటీ చాపెల్‌గా మార్చింది. ఆ సెప్టెంబరులోనే రిచ్‌మండ్‌లో లీ భారీ కంచు విగ్రహాన్ని దించేశారు. ఉత్తరాలు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, రిచ్‌మండ్‌లోని వర్జీనియా చరిత్ర సంస్థలో, వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. వాటి మీద పని ఇంకా నడుస్తూనే ఉంది.